ఇంప్లాంటూ సిగరెట్టూ: నొప్పి చెప్పేదాకా ఆగొద్దు

దవడలో టైటానియం మర బిగించారు. కుట్లు వేశారు. మందుల చీటీ చేతిలో పెట్టి, "సిగరెట్టు మాత్రం ముట్టుకోకండి" అన్నారు. మీరు బుద్ధిగా తలూపి ఇంటికొచ్చారు. అక్కణ్ణించి మొదలైంది అసలు కథ. మత్తు దిగుతోంది, దవడ సలుపుతోంది, చెంప ఉబ్బుతోంది, చెయ్యేమో జేబులో పెట్టెను తడుముతోంది. ఇప్పుడు మీ ముందు రెండు ప్రశ్నలు. ఈ నొప్పి మామూలుదేనా? ఒక్కటి కాలిస్తే కొంపలేం మునుగుతాయి?

ఈ అధ్యాయం ఆ రెండింటికే. పొగాకు ఎంత చెడ్డదో మళ్ళీ చెప్పి మిమ్మల్ని విసిగించను. పెట్టె మీద బొమ్మ రోజూ చూస్తూనే కొంటున్నారు, ఆ బొమ్మ చెయ్యలేని పని నా ఉపన్యాసం చేస్తుందా? బోలెడు డబ్బు పోసి వేయించుకున్న పన్ను ఊడిపోకుండా చూసుకోవడం ఎలాగో, అంతవరకే మాట్లాడుకుందాం.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. మిగతా అన్ని జాగ్రత్తలూ దీన్నుంచే వస్తాయి. పొగతాగేవాళ్ళ చిగురు ఉన్నది ఉన్నట్టు చెప్పదు. మామూలుగా చిగురు వాచిందంటే ఎర్రబడుతుంది, బ్రష్ తగిలితే రక్తం కనిపిస్తుంది. నికోటిన్ చిగుళ్ళలోని సన్నటి రక్తనాళాలను బిగించేస్తుంది. దాంతో లోపల వాపు ముదురుతున్నా పైకి చిగురు పాలిపోయి, గట్టిగా, నిక్షేపంలా కనిపిస్తుంది. రక్తం కూడా అంతగా రాదు. దానికితోడు, ఇంప్లాంటులో నరం ఉండదు. సొంత పంటి వేరుకూ ఎముకకూ మధ్య ఉండే మెత్తటి పొరా ఉండదు. సొంత పన్ను పుచ్చితే రాత్రంతా కూర్చోబెడుతుంది. ఇంప్లాంటు చుట్టూ ఎముక కరుగుతుంటే చాలామందికి చీమ కుట్టినట్టయినా ఉండదు. తెలిసేసరికి పన్ను ఊగుతూ ఉంటుంది.

కాబట్టి నొప్పి వస్తే పట్టించుకోండి. రాకపోతే మాత్రం నమ్మకండి.

1. తొమ్మిది వారాలు క్యాలెండరు మీద గీయండి

ఆపరేషన్‌కు వారం ముందు నుంచి, ఆపరేషన్ అయ్యాక ఎనిమిది వారాల వరకు. ఈ లెక్క నేను పుట్టించింది కాదు. 1993లో బెయిన్, మోయ్ అనే ఇద్దరు దంతవైద్యులు 540 మందికి వేసిన 2,194 ఇంప్లాంట్ల వివరాలు చూశారు. పొగతాగనివాళ్ళలో నూటికి 5 లోపే పోతే, తాగేవాళ్ళలో 11 దాటి పోయాయి. తర్వాత 1996లో బెయిన్ ఈ 'వారం ముందు, ఎనిమిది వారాలు తర్వాత' పద్ధతిని ప్రయత్నించి చూస్తే, మానినవాళ్ళ ఫలితం తాగనివాళ్ళ ఫలితానికి దగ్గరగా వచ్చింది.

"నూటికి 11 పోతే 89 నిలిచినట్టేగా!" అని మీరు లెక్క తిప్పేస్తారని నాకు తెలుసు. నిలిచిన వాటి చుట్టూ ఎముక బాగుందని ఆ లెక్క చెప్పడం లేదు. అప్పటికంటే ఇప్పటి ఇంప్లాంట్లు మెరుగయ్యాయి, నిజమే. తాగేవాళ్ళకూ తాగనివాళ్ళకూ మధ్య తేడా మాత్రం ఇంకా పోలేదు.

ఎందుకిన్ని వారాలు? స్లాబు పోసిన మర్నాటి నుంచి మేస్త్రీ నీళ్ళు ఎందుకు కట్టిస్తాడు? పైకి గట్టిపడినట్టున్నా లోపల ఇంకా పని జరుగుతూ ఉంటుంది కనుక. ఎముక టైటానియాన్ని పట్టుకోవడమూ అలాంటిదే. కింది దవడలో సుమారు మూడు నెలలు, ఎముక మెత్తగా ఉండే పై దవడలో నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ పనికి కావలసిన నీళ్ళు మీ రక్తమే. సిగరెట్టు వెలిగించిన ప్రతిసారీ ఆ పైపు మీద కాలు వేస్తున్నారన్నమాట.

మరి 'ఒక్కటే కదా' సంగతి? పొగతో వెళ్ళిన కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. అందులో సగం పోవడానికే నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. టిఫిన్ తర్వాత ఒకటి, భోజనమయ్యాక ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి. చూడ్డానికి మూడే. పుండుకు మాత్రం పగలంతా ఊపిరాడనట్టే.

2. డాక్టరు దగ్గర లెక్క తగ్గించకండి

"రోజుకెన్ని తాగుతారండీ?" అని డాక్టరమ్మ అడుగుతుంది.

"అబ్బే, ఎప్పుడైనా ఒకటీ అరా మేడం."

పక్కనున్న భార్య గొంతు సవరించుకుంటుంది. "ఒకటీ అరా కాదు మేడం, పొద్దున కొన్న పెట్టె రాత్రికి ఖాళీ."

ఈ ఇల్లాలు ఆయనకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఎముక పొడి వెయ్యాలా, ఎన్ని నెలలు ఆగి క్యాప్ బిగించాలి, ఎన్నాళ్ళకోసారి రమ్మనాలి అన్నవన్నీ ఆ లెక్క మీదే ఆధారపడతాయి. సుగర్ ఉంటే అదీ దాచకండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు పట్టుకెళ్ళండి. సుగరూ పొగా రెండూ కలిస్తే పుండు మానడం మరీ మందగిస్తుంది.

బీడీ, చుట్ట, హుక్కా, ఖైనీ, గుట్కా, ఏదైనా లెక్కలోకి వస్తుంది. "సిగరెట్టు మానేసి బీడీకి మారానండీ, చిన్నదేగా" అనేవాళ్ళున్నారు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసార్లు లాగాలి. అంటే లాభమేమీ లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి. పై దవడకు ఇంప్లాంటు వేయించుకున్నవాళ్ళకు ఆ వేడి నేరుగా అక్కడే తగులుతుంది. మీ అమ్మకో అత్తకో ఆ అలవాటుంటే, సిగ్గుపడి డాక్టరుకు చెప్పకుండా తీసుకురాకండి.

3. మొదటి మూడు రోజుల నొప్పి

మత్తు దిగిన మొదటి రాత్రి నొప్పి ఉంటుంది. వాపు రెండో రోజు, మూడో రోజు ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. చెంప మీద కాస్త నలుపో పసుపో రంగు తేలినా కంగారు పడక్కర్లేదు. మొదటి రోజు ఐసు ముక్కలను బట్టలో చుట్టి, బయట చెంప మీద పదిహేను నిమిషాలు పెట్టి, కాసేపు తీసి, మళ్ళీ పెట్టండి. తలగడ ఎత్తుగా వేసుకోండి. కారం, మరీ వేడి చారు వద్దు. పెరుగన్నం, చల్లారిన జావ హాయిగా దిగుతాయి.

నొప్పి మాత్రలు డాక్టరు రాసిన వేళకు వేసుకోండి. భరించలేనంతయ్యాక వేసుకుంటే అది తగ్గడానికి ఎక్కువసేపు పడుతుంది. కిడ్నీ జబ్బు, కడుపులో అల్సరు, రక్తం పలచబడే మందులు ఉన్నవాళ్ళు ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా కొనుక్కోకూడదు. మెడికల్ షాపు కుర్రాడు "ఇది వేసుకో అంకుల్, గంటలో పోతుంది" అన్నా సరే.

ఈ మూడు రోజుల్లో ఎక్కువమంది చేసే తప్పులు చెబుతాను. గట్టిగా పుక్కిలించి ఉమ్మడం: దాంతో గడ్డకట్టిన రక్తం కదులుతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్ళు 24 గంటలు దాటాకే, అదీ నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి మెల్లగా వదిలెయ్యడమే. స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగడం. లవంగ నూనె నేరుగా కుట్ల మీద రాయడం: చిగురు కాలుతుంది. ఇక అన్నిటికంటే ఘోరం, "కాస్త పొగాకు నొక్కి పెట్టుకో, నొప్పి లాగేస్తుంది" అన్న సలహా. ఇచ్చేవాళ్ళు ప్రేమతోనే ఇస్తారు. విని ఊరుకోండి.

దమ్ము లాగితే వేడి, రసాయనాలు ఒక ఎత్తు. ఆ లాగడంలో నోట్లో పుట్టే పీల్పు ఇంకో ఎత్తు. దానికి పచ్చి కుట్లు తట్టుకోలేవు.

4. ఏ నొప్పి దేనికి?

మూడో రోజు దాటాక నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గి మళ్ళీ పెరిగిందా? నాలుగో రోజో అయిదో రోజో కొత్తగా సలపడం మొదలైందా? నోట్లో చెడ్డ రుచి, చీము, జ్వరం, నోరు తెరవలేకపోవడం ఉన్నాయా? ఆ రోజే డాక్టరుకు ఫోను చెయ్యండి.

మత్తు పూర్తిగా దిగాల్సిన టైము దాటినా కింది పెదవి, గడ్డం తిమ్మిరిగానే ఉన్నాయా? ఇది నొప్పి కంటే అర్జెంటు. కింది దవడలో నరం మీద మర ఒత్తిడి పడుతూ ఉండొచ్చు. "రేపు చూద్దాం" అని పడుకోకండి. పై దవడ వెనక పళ్ళకు ఇంప్లాంటు వేసినవాళ్ళకు ఒక పక్క ముక్కులోంచి దుర్వాసనతో చీమిడి వస్తుంటే జలుబని వదిలెయ్యకండి. అక్కడ పళ్ళ పైనే సైనస్ ఉంటుంది.

క్యాప్ పెట్టాక వచ్చే నొప్పి వేరు. కొరికినప్పుడే నొప్పిగా ఉంటే క్యాప్ కాస్త ఎత్తయి ఉండొచ్చు, అరగదీస్తే సరిపోతుంది. క్యాప్ కింద అతికించిన సిమెంటు కొంచెం బయటికొచ్చి చిగురు లోపల ఉండిపోయినా వాపు వస్తుంది. పన్ను కదులుతుంటే క్యాప్ బిగించిన చిన్న స్క్రూ వదులైందా, లేక మరే ఎముకలో ఊగుతోందా అన్నది మీకు తెలియదు. స్క్రూ అయితే బిగిస్తారు. మరే ఊగుతోందంటే అది పట్టు తప్పిందన్నమాటే, సాధారణంగా తీసెయ్యాలి. రెండు సందర్భాల్లోనూ నాలుకతో ఆడిస్తూ కూర్చోవడం వల్ల ఒరిగేదేం లేదు.

ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ రెండ్రోజులు వేసుకుని "తగ్గిపోయింది" అనుకునేవాళ్ళకో మాట. మర గరుకు మీద పేరుకున్న పాచిని మాత్ర కడగలేదు. సలుపు అణుగుతుంది, జబ్బు అక్కడే ఉంటుంది, మీరు డాక్టరు దగ్గరికి ఇంకో రెండు నెలలు ఆలస్యంగా వెళతారు.

5. అద్దం ముందు, వారానికోసారి

చిగురు తనంతట చెప్పదు కనుక మనమే అడగాలి. చేతులు కడుక్కోండి. బాత్‌రూములో అద్దం ముందు నిలబడి ఒక చేత్తో చెంపను పక్కకు లాగండి. ఫోన్ టార్చి ఎవరినైనా పట్టుకోమనండి. ఇంప్లాంటు పక్కనున్న సొంత పంటి చిగురునూ దీన్నీ పోల్చి చూడండి. ఇక్కడ చిగురు ఎక్కువ వెనక్కి తగ్గిందా? క్యాప్ అంచు దగ్గర బూడిదరంగు లోహం కనిపిస్తోందా? ఇప్పుడు చూపుడువేలి కొసతో చిగురును మెల్లగా నొక్కుతూ పంటి అంచు వైపు జరపండి. కింది పన్నయితే కింద నుంచి పైకి, పై పన్నయితే పై నుంచి కిందికి. అంచు దగ్గర పచ్చటి చుక్క గానీ ఎర్రటి చుక్క గానీ ఊరిందా? వేలు వాసన చూడండి, మొహమాటం లేదు. చుక్క కనిపించినా, చెడు వాసన వచ్చినా అపాయింట్‌మెంట్ తీసుకోండి. నొప్పి ఉందా లేదా అన్నది ఇక్కడ అడగనే వద్దు.

మీ రిపోర్టులో రెండు పేర్లు కనిపించవచ్చు. పెరి-ఇంప్లాంట్ మ్యూకోసైటిస్ అంటే వాపు చిగురు వరకే ఉంది, శుభ్రం చేసి, మీరూ సరిగా తోముకుంటే వెనక్కి మళ్ళుతుంది. పెరి-ఇంప్లాంటైటిస్ అంటే ఎముకా కరగడం మొదలైంది. పోయిన ఎముక దానంతట తిరిగి రాదు, వైద్యం కష్టం, ఖర్చూ ఎక్కువే. మొదటిదాని దగ్గరే పట్టుకోవడానికే ఈ అద్దం తతంగమంతా.

6. తోముకోవడం

మెత్తటి బ్రష్, రెండు పూటలా. దాంతోపాటు పళ్ళ సందుల్లో దూరే చిన్న సీసా బ్రష్ లాంటిది దొరుకుతుంది, తీగకు ప్లాస్టిక్ పూత ఉన్నది కొనండి. ఏ సైజో డాక్టరునే అడగండి. చెంప వైపు అందరూ తోముతారు, నాలుక వైపే పాచి ఉండిపోతుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ చెప్పినన్ని రోజులే వాడండి. నెలల తరబడి వాడితే, దాని మీద టీ కూడా పడితే, పళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి. గార గట్టిపడ్డాక ఇంట్లో గోళ్ళతోనూ పిన్నీసులతోనూ గీకకండి.

7. దమ్ము పిలిచినప్పుడు

అన్నిటికంటే కష్టమైనది ఇదే. కోరిక ఒక్కసారి లేస్తే మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంటుంది, తర్వాత దానంతట తగ్గుతుంది. మొదటి మూడు రోజులు మరీ తరచుగా లేస్తుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం రెండు మూడు వారాలు ఉంటాయి. వెధవ చిరాకు ఇంప్లాంటు వల్లేనని ఇంట్లోవాళ్ళ మీద ఎగరకండి, అది నికోటిన్ చేసే అల్లరి.

మీ సిగరెట్టు ఏ వేళకు ముడిపడి ఉందో చూడండి. టీతోనా? ఆ తొమ్మిది వారాలు టీ ఇంట్లోనే తాగండి. భోజనం తర్వాతా? ఆఖరి ముద్ద తినగానే లేచి బ్రష్ చేసుకోండి. తోముకున్న నోటితో వెలిగించడానికి మనసు కొంచెం వెనకాడుతుంది, ఇంప్లాంటుకూ మంచిదే. స్నేహితులతోనా? ఇక్కడ ముందే ఒక మాట తయారుగా పెట్టుకోవాలి.

"ఏం బావా, ఒక్క దమ్ముకే పన్ను ఊడిపోద్దా?"

"ఊడిపోతే మళ్ళీ వేయించడానికి నువ్విస్తావా డబ్బులు?"

కిళ్ళీ కొట్టు దగ్గర ఇంతకంటే పెద్ద వాదన అక్కర్లేదు. ఆరోగ్యం గురించి మాట్లాడితే నవ్వుతారు, డబ్బు మాటెత్తితే ఊరుకుంటారు.

నికోటిన్ గమ్, ప్యాచ్ మందుల షాపుల్లో దొరుకుతాయి. నా ఓటు మొదటి వారాల్లో ప్యాచ్‌కే, ఎందుకంటే కుట్లున్న నోటితో నమలడం అనవసరమైన తంటా. గుండెజబ్బు ఉంటే డాక్టరును అడిగి వాడండి. ప్యాచ్‌లోనూ నికోటిన్ ఉంటుందిగా అంటారా? ఉంటుంది. పొగ, వేడి, కార్బన్ మోనాక్సైడ్ ఉండవు. తర్వాత గమ్ వాడితే ఇంప్లాంటు లేని వైపు నాలుగుసార్లు నమిలి, చెంపకు చిగురుకు మధ్య ఆపి ఉంచాలి, చూయింగ్ గమ్ నమిలినట్టు నమిలితే వెక్కిళ్ళు, కడుపులో మంట. ఈ-సిగరెట్ల దారి చూసేవాళ్ళకు: మన దేశంలో వాటి అమ్మకం 2019 నుంచే నిషేధం. పైగా వాటిలోనూ నికోటిన్ ఉంటుంది, అదీ రక్తనాళాలను బిగిస్తుంది.

ఒంటరిగా కుదరకపోతే 1800-11-2356కు ఫోన్ చెయ్యండి. ప్రభుత్వ క్విట్‌లైన్, డబ్బులు పడవు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు వెతకనక్కర్లేదు, మీ పెట్టె మీదే అచ్చయి ఉంది.

8. జారితే?

పద్దెనిమిదో రోజు పెళ్ళిలో ఎవరో ఇస్తే ఒకటి కాల్చేశారు. "సరే, ఎలాగూ పోయింది" అని మర్నాడు పెట్టె కొనేస్తారు చాలామంది. నష్టం చేసేది ఆ రెండోదే. పెళ్ళిలో కాల్చినదానికి పన్ను ఊడదు. మిగిలిన రోజులు అలాగే కొనసాగించండి, మొదటి రోజు నుంచి మళ్ళీ లెక్కపెట్టొద్దు. తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరుతో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

9. కాగితాలు

ఇంప్లాంటు ఎన్నేళ్ళు వస్తుందండీ అని అందరూ అడుగుతారు. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు టైటానియం వేళ్ళు నాటిన మొదటి రోగికి అవి నలభై ఏళ్ళు పనిచేశాయి. అంతకాలం రావాలంటే ఎముక ఎక్కడుందో ఎప్పటికప్పుడు పోల్చి చూడాలి. క్యాప్ పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రే కాపీ అడిగి తీసుకోండి. రేపు ఎముక తగ్గిందో లేదో చెప్పడానికి అదే ఆధారం. ఇంప్లాంటు కంపెనీ, సైజు, వేసిన తేదీ ఉన్న కార్డు కూడా తీసుకోండి. పొగతాగే అలవాటున్నవాళ్ళు మూడు నుంచి నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి, పన్ను ఎంత బాగున్నా సరే.

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో సెలవుకొచ్చి, ఇక్కడ ఖర్చు తక్కువని వేయించుకుని వెళ్ళేవాళ్ళకు ఈ కార్డు మరీ ముఖ్యం. డాలస్‌లో స్క్రూ వదులైతే అక్కడి డాక్టరు మొదట అడిగేది ఏ కంపెనీదని. ఒక్కో కంపెనీకి ఒక్కో స్క్రూ, దానికో ప్రత్యేకమైన బిగింపు పనిముట్టు. కార్డును ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, భార్యకో భర్తకో కూడా పంపండి. వీలైతే టికెట్టు కుట్లు తీసేదాకా ఆగేట్టు బుక్ చేసుకోండి. ఎయిర్‌పోర్టు స్మోకింగ్ రూము ముందు నిలబడే ఆ రెండు గంటలకు సరిపడా ప్యాచ్ ముందే అంటించుకుని బయల్దేరండి.